పైకప్పు చప్పుడు

శుభవార్త వచ్చేసరికి కొత్త కోడలు ఒక చేత్తో టీ గ్లాసు పట్టుకుని, ఇంకో చేత్తో కాళ్లకి అడ్డం పడుతున్న ఫ్యాను తీగ ఎత్తిపట్టి, పక్కకి ఒదిగి నడుస్తోంది. ఆ గదిలో ఎవరైనా అలాగే నడవాలి. ఎవరైనా అంటే ఇద్దరే. తడిసిన ఇళ్లని ఆరబెట్టే యంత్రాలు వెనక గోడ కనబడకుండా దూలాల దాకా పేర్చి ఉంటే, మిగిలిన జాగాలో ఒక మంచం, ఒక పెట్టె, ఒక అద్దం. అద్దంలో మొహం చూసుకోవాలంటే మంచమెక్కి మోకాళ్ల మీద నిలబడాలి. పట్టపగలు కూడా దీపం వేసుకోవాలి. అయినా ఒకరినొకరు రాసుకోకుండా దాటలేని ఆ గదిని తిట్టడానికి ఆమెకి ఇంకా మనసు రాలేదు.

"ఒప్పుకున్నారు!" భర్త ఫోను చెవి దగ్గర్నుంచి తీసి మంచం మీదకి విసిరాడు. "మొత్తం పైకప్పు ఒప్పుకున్నారు!"

"మనం అడిగింది కొంచెమేగా?"

"అదే కదా! కొంచెం అడిగితే మొత్తం ఇచ్చారు."

వాకిట్లో తాపీలు కడుగుతున్న అత్తగారి చేయి ఆగింది. ఊళ్లో అందరూ ఆవిడని మేస్త్రమ్మ అంటారు. కాలిన ఇళ్లూ మునిగిన ఇళ్లూ బాగుచేయించే కంపెనీ ఆవిడదే. "ఎవరు ఒప్పుకున్నది? ఇన్సూరెన్స్ వాళ్లా?" అని లోపలికి తొంగిచూసింది. "ఒరేయ్, సరిగ్గా విన్నావా? పక్కవాళ్ల క్లెయిము మనకి చెప్పారేమో."

"కళ్లజోళ్ల పెద్దమ్మ షాపేనమ్మా. సర్వేయరు రాసిచ్చాడట, పైకప్పు మొత్తం పనికిరాదు, పూర్తిగా దించి కొత్తది వేయాలని."

మేస్త్రమ్మ తాపీని కొంగుతో తుడిచింది. "గీసి గీసి బేరమాడే చేయి గుప్పిళ్లతో ఇస్తోందంటే..." అంటూ మాట సగంలో ఆపేసింది. కొడుకు మొహం అప్పటికే వెలిగిపోతోంది. ఆ వెలుగుని ఆర్పడం ఎందుకనుకుందేమో, తాపీని పిడి దారంతో మేకుకి తగిలించి లోపలికి వెళ్లిపోయింది.

అతను భార్య వైపు వంగి గుసగుసగా అన్నాడు. "ఆ గది."

ఏ గదో ఆమెకి చెప్పక్కర్లేదు. వీధి మలుపులో, మేడ మీద, ఖాళీగా ఉంది. కిటికీ ఉంది. ఇద్దరూ రోజూ దాని కింద నుంచి కావాలనే చుట్టుదారిలో వస్తారు. ఇంత పెద్ద పని దొరికితే అద్దెకి తీసుకోవచ్చు. ఆమె టీ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక యంత్రం మీద పెట్టి, రెండు చేతుల్తోనూ నోరు మూసుకుని నవ్వింది.

మధ్యాహ్నానికి ముగ్గురూ షాపు దగ్గరున్నారు. కళ్లజోళ్ల పెద్దమ్మ షాపు రోడ్డు మీదకే ఉంటుంది. వెడల్పుగా, కానీ లోతు తక్కువగా, కళ్లజోడు పెట్టె మూత తెరిచి నిలబెట్టినట్టు. వెనక ఆవిడ ఉండే ఇల్లు. కప్పు పైన నీళ్ల గొట్టం పగిలి, షాపు పైకప్పంతా తడిసి, గచ్చు ఒకచోట ఊడి పడింది. ఊడిన చోట చెక్క బద్దలు పక్కటెముకల్లా కనబడుతున్నాయి. మిగతాదంతా పాతకాలపు సున్నపు గచ్చు. మధ్యలో పళ్లెమంత పువ్వు. అచ్చు పోసింది కాదు, ఎవరో తాపీ కొనతో, తడి ఆరకముందే చెక్కింది. రేకులన్నీ ఒకలా ఉండవు. ఒక రేకు అంచు కొంచెం మడిచి ఉంటుంది, గాలి వచ్చినట్టు.

పెద్దమ్మకి ఆ పువ్వే పరీక్ష బోర్డు. గోడకి అక్షరాల బోర్డు ఉంది కానీ దాన్ని నమ్మదు. "అక్షరాలు బట్టీ పడతారమ్మా, కళ్లు బాగున్నాయని చెప్పుకోవడానికి," అనేది. కుర్చీలో వెనక్కి వాలమని, కటకం మార్చి మార్చి, "మడత రేకు ఎటుంది? ఇప్పుడు? ఇప్పుడో?" అని అడుగుతుంది. ఊళ్లో సగం మంది చూపు ఆ రేకు మడతలోంచే వచ్చింది.

"కొత్త కప్పంటే మంచిదే," అంది పెద్దమ్మ కటకాల పెట్టె మీది దుమ్ము ఊదుతూ. "పువ్వు?"

"అలాంటిదే పోత పోయిస్తాం పెద్దమ్మా," అన్నాడు భర్త.

"అలాంటిదే," అని ఆవిడ తల ఊపింది. షాపు మళ్లీ తెరిస్తే చాలు అన్నట్టుంది ఆ ఊపు.

అతను పరంజా ఎక్కాడు. పరంజా అంటే ఇనప గొట్టాల మంచె, పైన పలకలు. కొత్త కోడలికి ఎక్కే వీల్లేదు. శిక్షణ కార్డు లేనివాళ్లు పరంజా ఎక్కకూడదని ప్రభుత్వ నిబంధన. ఆమె దరఖాస్తు ఎక్కడో ఏ బల్ల మీదో నిద్రపోతోంది. అందుకని వచ్చినప్పట్నుంచీ ఆమె కిందే ఉండి, బూజుకర్ర కుచ్చు పీకేసి, ఆ కర్రతోనే పని నేర్చుకుంది. కర్ర ఒక కొస పైకప్పుకి ఆనించాలి. రెండో కొస చెవికి. పైన అతను వేలి కణుపుతో కొడతాడు. దించేటప్పుడు ఏది ముందు ఊడి మీద పడుతుందో తెలియాలిగా.

"ఇది?"

"గట్టి."

"ఇది?"

ఆమె కళ్లు మూసుకుంది. గచ్చు బద్దల్ని గట్టిగా పట్టుకున్నచోట చప్పుడు కర్రలోంచి నేరుగా దిగి, తన పుర్రెలోనే ఎవరో కొట్టినట్టు వినబడుతుంది. పట్టు వదిలిన చోట చప్పుడు మెత్తబడి, వెనకాలే సన్నగా, గచ్చుకీ బద్దకీ మధ్య సున్నం రవ్వలు జారుతున్న చప్పుడు. ఎంత సన్నగా అంటే, అది వింటున్నంతసేపూ ఆమె ఊపిరి బిగపట్టేది. మన తలల మీద ఇంత కథ నడుస్తుంటే మనం కింద కూర్చుని జోళ్లు కొనుక్కుంటున్నామా అని ప్రతిసారీ విడ్డూరంగా ఉండేది.

"డొల్ల," అంది కళ్లు తెరుస్తూ.

అతను అక్కడ సుద్దముక్కతో సున్నా చుట్టాడు, గట్టిచోట్ల గీత. పైనుంచి వంగి, "చెవి మీద సున్నం," అన్నాడు. "తుడవడానికి దిగనా?"

"కప్పు చూసుకోరా," అంది వాళ్లమ్మ వెనక్కి తిరగకుండానే.

సాయంత్రానికి చూస్తే డొల్ల సున్నాలన్నీ గొట్టం ఉన్న గోడ వారనే ఉన్నాయి. పువ్వు చుట్టూ అన్నీ గట్టి గీతలే. అయినా ఎవరూ ఏమీ అనుకోలేదు. ఎలాగూ అంతా దించేసేదే కదా.

మర్నాడు పొద్దున పర్మిషన్ల ఆఫీసుకి కొత్త కోడలు, భర్త వెళ్లారు. ఆఫీసరు బల్ల మీది ఫ్యానుని విప్పి రెక్కలు తుడుచుకుంటున్నాడు. మంచి మనిషే. కూర్చోమన్నాడు. కాగితం చూశాడు.

"పైకప్పు మొత్తమా?"

"మొత్తం సార్. ఇన్సూరెన్స్ వాళ్లే ఒప్పుకున్నారు."

"అయితే కొత్త కట్టడం కిందికి వస్తుంది."

"కొత్తది కాద్సార్, పాతదే. కప్పొక్కటే."

"పైకప్పు సగానికి మించి మారిస్తే కొత్త కట్టడం కిందే లెక్క. కొత్త కట్టడమంటే రోడ్డు నుంచి వెనక్కి జరగాలి." ఆఫీసరు లేచి, గది గోడ దగ్గర నిలబడి, నాలుగు పెద్ద అంగలు వేశాడు. బీరువా అడ్డం వచ్చి ఆగాడు. "ఇక్కడి దాకా. షాపు లోతెంత?"

ఇద్దరూ ఆ అంగలకేసి చూశారు. షాపు మొత్తం అందులో మునిగిపోయింది. పెద్దమ్మ కుర్చీ, కటకాల పెట్టె, పువ్వు, అన్నీ. ఆఫీసరు ఇంకా బీరువా దగ్గరే ఉన్నాడు, రోడ్డు మీద నిలబడ్డట్టు.

"ఊడినంతవరకే బాగుచేస్తే?" అడిగింది కొత్త కోడలు.

"చేసుకోండమ్మా, అభ్యంతరం లేదు. కానీ మీ సర్వేయరు మొత్తం పనికిరాదని రాశాడే! పనికిరాని కప్పు కింద షాపు నడుపుకోమని నేనెలా రాసివ్వను? అది పడి ఎవరికో తల పగిలితే?" ఫ్యాను రెక్క బిగించి వేలితో తిప్పి చూశాడు. "ఆయన మాట మార్చుకుంటే రండి. నాకేం పంతం లేదు."

మెట్లు దిగుతూ భర్త అన్నాడు. "కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టుంది."

ఆమెకి ఆ గది గుర్తొచ్చింది. మేడ మీద, కిటికీ. రోజూ వచ్చే చుట్టుదారి దగ్గరికి రాగానే ఇద్దరూ ఒకేసారి తిన్నగా ఉన్న దారి పట్టారు. అది చూసి ఆమెకి ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి.

విషయం విని మేస్త్రమ్మ చెప్పులేసుకుంది. "పదండి. తగ్గించమని అడుగుదాం."

"అమ్మా, ఈ ఏడాదికి మనకున్న పెద్ద పని అదొక్కటే," అన్నాడు కొడుకు.

"తెలుసు," అంది మేస్త్రమ్మ.

"గట్టిగా ఉన్న గచ్చుని దించి, షాపుని రోడ్డుకిచ్చేసి, అక్కడ నా బోర్డు పెట్టుకోనా, బాగుచేయువారు అని?" ఆవిడ గొంతేమీ పెంచలేదు. "వచ్చేటప్పుడు కాస్త సుద్ద కొనాలి, గుర్తుచెయ్యి."

ఇన్సూరెన్స్ ఆఫీసులో కిటికీ వెనకున్న అమ్మాయి వాళ్లు చెప్పింది రెండుసార్లు విన్నది. "పెంచమనా?"

"తగ్గించమనమ్మా."

"పెంచమనడానికి పక్క కిటికీ. తగ్గించమనడానికి..." ఆ అమ్మాయి వెనక్కి తిరిగి, "ఏమండీ, తగ్గించమంటే ఎవరు చూస్తారు?" అని గదంతా వినబడేలా అడిగింది. కీబోర్డులన్నీ ఆగిపోయాయి. ఎవరో నవ్వారు. మూల బల్ల దగ్గర్నుంచి సర్వేయరే లేచి వచ్చాడు. నెరిసిన మీసం, మెరిసే బూట్లు, చంకలో ఫైలు.

"ఇన్నేళ్ల సర్వీసులో తగ్గించమని వచ్చినవాళ్లని మిమ్మల్నే చూస్తున్నాను," అన్నాడు. "ఎక్కువ అడిగేవాళ్లకి ఏం కావాలో నాకు తెలుసు. తక్కువ అడిగేవాళ్లు ఏం దాస్తున్నారో తెలీదు."

"దాచేదేముంది సార్? వచ్చి చూడండి," అంది మేస్త్రమ్మ.

"చూశానుగా."

"మళ్లీ చూడండి. పైకెక్కి."

ఆ ఆఖరి మాటకి ఆయన చూపు ఫైలు మీదకి జారింది. "రేపు వస్తాను," అన్నాడు.

చెప్పినట్టే వచ్చాడు. షాపు తలుపు దగ్గరే నిలబడి పైకి చూసి, "నాకైతే అంతా పోయినట్టే ఉంది," అన్నాడు. అవును, అక్కడినుంచి చూస్తే అలాగే ఉంది. తడి మరకలు కప్పు నిండా మబ్బుల్లా పరుచుకున్నాయి. మరక వేరు, పట్టు వేరు అని చెవి ఆనిస్తే తప్ప తెలియదు.

భర్త పరంజా ఎక్కి చేయి కిందికి చాచాడు. "రండి సార్. ఇలా పట్టుకుని."

సర్వేయరు ఫైలు పెద్దమ్మకిచ్చాడు. రెండు చేతుల్తో గొట్టం పట్టుకున్నాడు. ఒక కాలు మొదటి మెట్టు మీద పెట్టాడు. అక్కడే ఉండిపోయాడు. కొత్త కోడలు ఆయన పక్కనే ఉంది కాబట్టి ఆ చేతులు కనబడ్డాయి. కణుపులు సుద్దముక్కల్లా తెల్లబడ్డాయి. మెడ మీద చెమట. ఆయన పైకి చూడటం లేదు, కిందికీ చూడటం లేదు. ఎదురుగా ఉన్న గొట్టం మీది తుప్పు మచ్చకేసి చూస్తున్నాడు.

ఆమెకి అర్థమైంది. మొదటిసారీ ఎక్కలేదు. ఎక్కలేక, కింద నుంచే చూసి, ఎందుకొచ్చిన గొడవ అని మొత్తం రాసిచ్చేశాడు. మొన్న తాము ఎగిరి గంతేసిన శుభవార్త ఈ మొదటి మెట్టు మీద పుట్టింది.

పైనుంచి భర్త ఏదో అనబోయాడు. మేస్త్రమ్మ అందుకుంది, అధికారి గొంతుతో.

"ఆగండి సార్. మీకు కార్డుందా?"

"ఏం కార్డు?"

"శిక్షణ కార్డు. పరంజా ఎక్కడానికి."

"నాకెందుకు? నేను సర్వేయర్ని."

"ఎవరైనా సరే సార్. కార్డు లేందే నా పరంజా ఎక్కనివ్వను. నా కోడలికే లేదని కింద నిలబెట్టాను. రేపు తనిఖీకి వస్తే నా లైసెన్సు పోతుంది. దయచేసి దిగండి."

ఆయన దిగాడు. ఒకే ఒక్క మెట్టు. కానీ ఎంత ఎత్తునుంచో దిగినట్టు పెద్దగా ఊపిరి వదిలాడు. "రూలైతే మరి ఏం చేస్తాం," అన్నాడు, రుమాలుతో మెడ తుడుచుకుంటూ. మేస్త్రమ్మకేసి ఒక్క క్షణం చూశాడు. ఆవిడ అప్పటికే సుద్ద పొట్లం విప్పుకుంటోంది, ఆయన్ని చూడనట్టే.

కొత్త కోడలు అత్తగారికేసి అలా చూస్తుండిపోయింది. ఎంతమందిని ఎన్నిసార్లు ఆపిన నిబంధన అది! తనని నెలనుంచీ నేల మీద కట్టేసింది. దాన్నే తీసి, దుప్పటిలా, ఆ మనిషి భుజాల మీద కప్పేసింది ఆవిడ.

"సార్," అంది, బూజుకర్ర ముందుకు చాస్తూ. "నాకూ కార్డు లేదు. మనం దీంతో చూద్దాం."

"దీంతోనా? బూజు దులపడానికా?"

"వినడానికి. ఈ కొస చెవికి ఆనించండి. ఇంకొంచెం, ఈ ఎముకకి. ఆఁ."

కళ్లజోడు కాడ కర్రకి అడ్డం వచ్చింది. పెద్దమ్మ అడక్కుండానే జోడు తీసేసుకుని, కాడ అటూ ఇటూ ఊపి, "ఎన్నాళ్లనుంచి వదులుగా ఉందిది?" అని చిన్న స్క్రూడ్రైవరు వెతుక్కుంది. జోడు లేకుండా, కర్రకి చెవి ఆనించి, కళ్లు చికిలిస్తూ నిలబడ్డ సర్వేయరు అగ్గిపెట్టెకి దారం కట్టి ఫోను వింటున్న చిన్నపిల్లాడిలా ఉన్నాడు.

పైన భర్త కొట్టాడు.

"ఏమీ..." అని ఆగాడాయన. "ఇంకోసారి."

మళ్లీ కొట్టాడు.

"ఇది నా తలలో మోగుతోందేంటి?"

"అది గట్టి సార్. ఇప్పుడు వినండి." ఆమె కర్ర పైకొసని గోడ వారకి జరిపింది. "కళ్లు మూసుకోండి. కొట్టిన చప్పుడు వదిలేయండి. దాని వెనకాల వచ్చేది వినండి."

పెద్దమ్మ స్క్రూడ్రైవరు తిప్పడం ఆపేసింది. సర్వేయరు నోరు కొంచెం తెరుచుకుంది.

"జారుతోంది," అన్నాడు, ఎవరైనా నిద్రలేస్తారేమోనన్నంత మెల్లగా. "లోపల ఏదో జారుతోంది. రవ్వలా."

"అది డొల్ల," అంది ఆమె. ఆయన మొహంలో తన మొహమే కనబడింది, మొదటిరోజుది.

తరువాత ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. కర్ర ఆమె చేతిలోంచి తీసుకుని తనే జరపడం మొదలుపెట్టాడు. "అక్కడ కొట్టు. కాదు, ఇటు, ఇటు. గట్టి! రాయి." కొన్నిచోట్ల అతను గట్టి అంటే ఈయన డొల్ల అన్నాడు. మళ్లీ కొట్టించి, విని, "గట్టే, ఒప్పుకున్నా," అన్నాడు. ఒకచోట మాత్రం ఆయనే నెగ్గాడు. మేస్త్రమ్మ వచ్చి చెవి ఆనించి, "సార్ చెప్పిందే నిజంరా, సున్నా చుట్టు," అంటే ఆయన మీసం కింద నవ్వు ఆపుకోలేకపోయాడు. పువ్వు దగ్గరకొచ్చేసరికి ఎక్కువసేపు విన్నాడు. మడత రేకు కింద కర్ర ఆనించి, అందరికంటే ఎక్కువసేపు.

"ఇది చేసినవాడు," అన్నాడు చివరికి, "తెలిసి చేశాడు."

పెద్దమ్మ జోడు తెచ్చి ఆయన ముక్కు మీద పెట్టింది. "ఇప్పుడు చూడండి. మడత ఎటుంది?"

ఆయన తలెత్తి చూశాడు. చాలాసేపు చూశాడు. "రోడ్డు వైపు."

"చూపు బానే ఉంది. కాడే వదులు," అంది పెద్దమ్మ.

సున్నాలన్నీ కలిపినా కప్పులో సగానికి ఎక్కడో దూరంగా ఉన్నాయి. గోడ వారన ఒక పట్టీ, ఒక మూల. అంతే. సర్వేయరు ఫైలు తెరిచి, కలం మూత తీసి, రాయకుండా కూర్చున్నాడు. "మొదట రాసింది తప్పని రాయాలి. ఎందుకు తప్పిందో కూడా రాయాలి."

"అందులో తప్పేముంది సార్?" అంది మేస్త్రమ్మ, బక్కెట్లో చేతులు కడుక్కుంటూ. "కార్డు లేక రూలు ప్రకారం పైకి ఎక్కలేదు, కింద నుంచి చూశాను అని రాయండి. నిజమే కదా."

ఆయన కలం ఆడిస్తూ ఆవిడకేసి చూశాడు. ఈసారి ఆవిడ కూడా చూసింది. "నిజమే," అన్నాడాయన. రాయడం మొదలుపెట్టాడు. పర్మిషన్ల ఆఫీసుకి కూడా తనే పట్టుకెళ్లి ఇస్తానన్నాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, కర్రకేసి చూసి, "ఏ చెక్కమ్మా అది?" అని కొత్త కోడల్ని అడిగి మరీ వెళ్లాడు.

ఆయన మలుపు తిరిగేదాకా ఆగి, పెద్దమ్మ కుర్చీలో కూలబడి వెనక్కి వాలింది. పువ్వుకేసి చూసింది. ఏ కటకమూ పెట్టుకోలేదు.

భర్త పరంజా దిగాడు. నెత్తి మీద, కనుబొమ్మల మీద సున్నం. భార్య పక్కన నిలబడి, చిటికెన వేలు ఆమె చిటికెన వేలికి తగిలించాడు. "ఆ గది," అన్నాడు మెల్లగా, అదొక చుట్టం పోయిన కబురులా.

"పోనీలెండి," అంది ఆమె. నిజంగానే అంది. ఆమె చెవిలో ఇంకా రవ్వ జారుతూనే ఉంది.

మేస్త్రమ్మ పైకప్పు కింద నాలుగు మూలలూ నడిచి, పెదవులు కదుపుతూ ఏదో లెక్క కట్టింది. "దించేసే పనైతే గడ్డపారలు చాలు. నిలబెట్టే పనికి అలా కాదు. ఇది కప్పంతా ఒకేలా, సన్నగాలికి నెమ్మదిగా ఆరాలి. తొందరపెడితే గట్టిదంతా డొల్లయిపోతుంది. ఒరేయ్, రేపు పొద్దున్నే బండి మాట్లాడు. మీ గదిలో ఉన్న యంత్రాలన్నీ ఇక్కడికి వచ్చేయాలి."

"అన్నీనా?"

"ఒక్కటి మిగలకూడదు. వానలు వెళ్లేదాకా ఇక్కడే ఉంటాయి. ఆ తర్వాత వాటికో రేకుల షెడ్డు వేద్దాంలే. ఎన్నాళ్లని మనుషుల నెత్తిన పేరుస్తాం?" చేతులు కొంగుకి తుడుచుకుని కోడలి వైపు తిరిగింది. "అమ్మాయ్, ఆ వెనక గోడకి ఒక కిటికీ ఉండాలి. వీడు పుట్టిన ఏడు యంత్రాలు అడ్డం పెట్టాం, మళ్లీ తీసిన పాపాన పోలేదు. గడియ తుప్పుపట్టి బిగుసుకుపోయుంటుంది. రేపు బండి కదలగానే తెరుద్దాం. నూనె సీసా, సుత్తి దగ్గర పెట్టుకో."